కుర్చీలు సర్ది వెళ్లేవాళ్లు

ఆగస్టు 6, 2024. మంగళవారం. సాయంత్రం 5.

టైలర్ మాస్టర్ మిఠాయి పంచాడు.

రాసి మళ్లీ చదువుకున్నాను. ఆయన్ని తెలిసినవాళ్లెవరూ నమ్మరు. మస్కట్‌లోని ఈ బౌషర్‌లో మా వీధి చివర షాపు ఆయనది. ఎనిమిదేళ్లుగా అమ్మ తన నర్సు యూనిఫాంలు అక్కడే కుట్టిస్తోంది. ఊడిన గుండీ పట్టుకెళ్లినా రేపు రమ్మంటాడు, నవ్వడు. అలాంటి మనిషి ఇవాళ పొద్దున స్కూల్ బస్సు ఎక్కబోతున్న నన్ను ఆపి, అరచేతిలో పాలకోవా లాంటిదేదో పెట్టాడు.

షాపు షట్టర్ సగం దించి ఉంది. లోపల ఏడెనిమిది మంది బంగ్లాదేశీలు ఒకే ఫోన్ మీద వంగి ఉన్నారు. ఒకాయన ఏడుస్తున్నాడు, ఒకాయన నవ్వుతున్నాడు, ఎవరి నోటా శబ్దం లేదు. పోయిన నెల పక్క దేశంలో రోడ్డెక్కి నినాదాలిచ్చిన వాళ్ల మనుషులకు జైలు శిక్షలు పడ్డాయి. అందుకే ఇక్కడ సంతోషం కూడా షట్టర్ వెనకాలే.

నిన్న ఢాకాలో ప్రభుత్వం పడిపోయింది. పదిహేనేళ్లు కదలని ప్రభుత్వం. పడగొట్టింది స్టూడెంట్స్. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దవాళ్లు, అంతే!

పక్క కెఫెటేరియా ఖమరుద్దీన్ భాయ్‌ది. వాళ్లది కడప. చాయ్ గ్లాసులు కడుగుతూ, ఏం పాపా, ఆడ గవర్మెంటు పడిపోయిన దానికంటే మీ మాస్టర్ మిఠాయి పంచినాడు చూడు, అదీ వార్త, అన్నాడు.

మిఠాయి తిననిది ఒక్క మహమూదా ఆపా. మాస్టర్ కూతురు. వాళ్ల భాషలో ఆపా అంటే అక్క. ఇరవై ఒక్కేళ్లు. టాంగైల్ దగ్గర ఒక ప్రభుత్వ మహిళా కాలేజీలో థర్డ్ ఇయర్. జూలైలో రెండు వారాలు రోడ్డు మీద నిలబడింది. ఎడమ మోచేతి కింద శనగగింజంత గుండ్రటి మచ్చ ఉంది. పోలీసుల తుపాకీ గుండు తగిలిన గుర్తట, గుళ్లలో చిన్న రకం. తన వరసలో నిలబడిన వాళ్లలో ఒకమ్మాయి తిరిగి రాలేదు. ఆ అమ్మాయి పేరు నేనడగలేదు, ఆపా చెప్పలేదు. జూలై 25న మాస్టర్ టికెట్ తీసి ఆపాను ఇక్కడికి రప్పించేశాడు. సరిగ్గా పదకొండు రోజులకు వాళ్లు గెలిచారు. గెలిచిన రోజున ఆమె బౌషర్‌లో అబాయాకు, అంటే ఇక్కడి ఆడవాళ్ల నల్ల గౌనుకు, హుక్కులు కుడుతోంది.

ఇవాళ కూడా అదే పని చేస్తోంది. కంగ్రాట్స్ ఆపా అన్నాను. మేం హిందీలో మాట్లాడుకుంటాం. తల ఎత్తకుండా, పడగొట్టే పని నిన్నటితో అయిపోయింది కదా, ఇవాళ ఏం చెయ్యాలో ఎవరికైనా తెలుసా, అంది.

నాకు తెలీదు. నా డైరీలోకి ఇంత పెద్ద ప్రశ్న రావడం ఇదే మొదటిసారి.

ఈ రోజు మాట: నిరంకుశం. చర్చిలో కాలేబ్ అంకుల్ నాకిచ్చిన నిఘంటువులో దొరికింది. అంకుశం లేనిది అని. అంటే ఏనుగు ఉంది, మావటి చేతిలో అంకుశం లేదు. ఒక్క మాటలో ఇంత బొమ్మ ఉంటుందా! మా స్కూల్లో తెలుగు లేదు. బైబిలూ, అమ్మా, ఈ నిఘంటువూ, వీటితోనే నేర్చుకుంటున్నాను. రోజుకో మాట, రోజుకో పేజీ. పన్నెండో క్లాసు అయ్యేలోపు ఈ నోట్‌బుక్ నింపాలి.


ఆగస్టు 7, బుధవారం.

ఢాకాలో ట్రాఫిక్ పోలీసులు లేరట. కాలేజీ పిల్లలే నడి కూడలిలో గొడుగు పట్టుకుని బస్సుల్ని ఆపుతున్నారు. ఆపా వీడియో చూపించింది. ఒకమ్మాయి రాంగ్ రూట్‌లో వచ్చిన పెద్ద కారును వెనక్కి పంపింది. ఆ కారాయన దణ్ణం పెట్టి మరీ వెనక్కి తిప్పాడు.

అమ్మకు కూడా చూపించాను. డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ చూసింది. చూసేవా, గెలిచేం కదా అని ఊరేగకుండా పనిలోకి దిగేరు, నువ్వు నీ మంచం మీద దుప్పటి మడతెట్టవు, అంది.


ఆగస్టు 9, శుక్రవారం.

నిన్న సాయంత్రం అక్కడ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసింది. తాత్కాలికం. ఏ ప్రభుత్వానికైనా ముందు పెట్టాల్సిన మాటలా ఉంది.

ఇవాళ చర్చి. ఇక్కడ వారం సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం స్కూలుంటుంది. నా చేతులు పీకుతున్నాయి. ఎందుకో రాస్తాను. మాకు సొంత హాలు లేదు. ఒకే హాలును పది భాషల వాళ్లం గంటల లెక్కన పంచుకుంటాం. తెలుగు వాళ్లది పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది నలభై ఐదు. మా తర్వాత సింహళం వాళ్లు. మాకు కుర్చీలు వరసల్లో కావాలి. వాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, వెళ్లేవాళ్లు తమ కుర్చీలు తీసేసి ఊరుకోకూడదు. వచ్చేవాళ్లకు ఎలా కావాలో అలా వేసి వెళ్లాలి. మా ముందు కొంకణీ వాళ్లు మాకోసం వరసలు వేసి వెళ్తారు. నేను వాళ్లలో ఒక్కరి ముఖం కూడా చూడలేదు.

తొమ్మిది నలభైకి కాలేబ్ అంకుల్ గంట కొడతారు. పాస్టర్ గారు ప్రార్థన మధ్యలో ఉన్నా సరే. ఇవాళ పాస్టర్ గారు కళ్లు మూసుకుని దేశాల కోసం ప్రార్థన చేస్తున్నారు. గంట మోగింది. ఇంకా ఆఫ్రికా దగ్గరే ఉన్నారు. మిగతా ఖండాలన్నిటినీ ఒక్క ఊపిరిలో దేవుడికి అప్పగించి ఆమెన్ అనేశారు. అందరూ నవ్వు ఆపుకున్నారు. తర్వాత యూత్ వాళ్లం నూట ఇరవై కుర్చీలు గుండ్రంగా వేశాం.


ఆగస్టు 11, ఆదివారం.

స్కూల్ నుంచి వచ్చి యూనిఫాం కోసం షాపుకెళ్లాను. ఆపా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సాయం అడిగింది. నన్ను! ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం రాసిపెట్టాలి.

విషయం ఇది. వాళ్ల కాలేజీ ప్రిన్సిపల్ పేరు ఇక్బాలున్నీసా మేడం. జూలైలో ఊరేగింపుకు వెళ్లిన అమ్మాయిల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఆవిడ పోలీస్ స్టేషన్‌కు ఇచ్చిందని అమ్మాయిలంతా నమ్ముతున్నారు. పోలీసులు ఇంటింటికీ ఫోన్ చేసి బెదిరించారు. మాస్టర్‌కు మస్కట్ నంబర్ మీదే వచ్చింది ఆ ఫోన్. మీ అమ్మాయి శవం తెచ్చుకోవడానికి వస్తారా, మీరే వచ్చి అమ్మాయిని తీసుకెళ్తారా అని అడిగారట. ఆ రోజు మాస్టర్ ఒకరి గుడ్డ తప్పుగా కత్తిరించాడు. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి అని ఆపా చెప్పింది. అందుకే ఆపా ఇక్కడుంది. గెలిచిన రోజున అక్కడ లేకపోవడానికి కారణం ఆ మేడం.

ఇప్పుడు కాలేజీ అమ్మాయిలు ఒక కమిటీ పెట్టారు. దాని ఫోన్ గ్రూప్‌ను అక్కడ నడిపేది ఆపా స్నేహితురాలు రుమానా. ఈ నెల 22, గురువారం, మేడంని వరండాలోకి లాక్కొచ్చి, అందరి ముందూ రాజీనామా మీద సంతకం పెట్టించాలని కొందరి ప్లాన్. వేరే కాలేజీల్లో ఇప్పటికే అలా జరుగుతోందట. ఆపాకు అది నచ్చలేదు. ముందు జరిగింది జరిగినట్టు విద్యాశాఖకు రాద్దాం అంటోంది. నాకు వివరాలు కావాలంటే అడగమని రుమానా నంబర్ ఇచ్చింది.

జరిగింది జరిగినట్టు రాయి, అంతే, అని రెండుసార్లు చెప్పింది.


ఆగస్టు 12, సోమవారం.

రాశాను!! నాలుగు డ్రాఫ్టులు. కెమిస్ట్రీ హోంవర్క్ పక్కన పెట్టి మరీ. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఇంగ్లిష్‌లో రాశాను గానీ మనసులో తెలుగే నడిచింది. నిరంకుశ పాలన అనే ఏనుగు. ఆ ఏనుగు కాళ్ల కింద పూలు. దాని వాకిట్లో విశ్వాసంగా మొరిగిన కాపలాకుక్క ఇక్బాలున్నీసా. కాపలాకుక్క అన్న దగ్గర నాకే ఒళ్లు ఝల్లుమంది.

షాపుకు తీసుకెళ్తే ఆపా ఒకావిడకు కొలతలు తీస్తోంది. సాయంత్రం చదువుతాను, అక్కడ పెట్టు అంది. నాకు సాయంత్రం దాకా ఆగడం చేతకాలేదు. ఎవరైనా చదివి బాగుందనాలి. ఇంటికొచ్చి రుమానాకు పంపాను. ఫీడ్‌బ్యాక్ చెప్పండి అని.

పది నిమిషాల్లో జవాబు. నిప్పు బొమ్మలు ఆరు.


ఆగస్టు 13, మంగళవారం.

రుమానా దాన్ని పోస్ట్ చేసేసింది. బాంగ్లాలోకి కూడా మార్చారు. పొద్దుటికి తొమ్మిది వందల షేర్లు. కింద రాసినవాళ్ల పేరు లేదు, కాలేజీ విద్యార్థినులు అని ఉంది. బస్సులో పదకొండుసార్లు చూసుకున్నాను.


ఆగస్టు 14, బుధవారం. సాయంత్రం 6.

స్కూల్ నుంచి సరాసరి షాపుకెళ్లాను.

ఆపా ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఒక ఇంటి గేటు. తెల్ల గేటు మీద ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంది. నాకు బాంగ్లా చదవడం రాదు. ఏముంది ఆపా అన్నాను. ఆపా వేలితో ఒక్కో అక్షరం మీదుగా వెళ్లి, నీ మాటే, అంది. కాపలాకుక్క.

అది మేడం ఇల్లు. కామెంట్లలో ఎవరో వీధి పేరుతో సహా రాసేశారు. మేడంకి ఒక కూతురుంది, పదకొండో క్లాసు. రెండు రోజులుగా ఆ అమ్మాయి ఇల్లు కదల్లేదట. ఎవరో రాయి కూడా వేశారు, కిటికీకి తగిలింది.

ఎందుకు పంపావని ఆపా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రుమానా ఎంతకీ పోస్ట్ తీయనంటోంది. 22న మూడు వందల మంది వస్తారని రాసింది. నేను చదివాను ఆ మెసేజ్. మూడు వందల మంది, ఒక వరండా, ఒక మనిషి.


ఆగస్టు 15, గురువారం.

షాపుకు వెళ్లలేదు.


ఆగస్టు 16, శుక్రవారం.

అమ్మతో చెప్పేశాను. సిరంజి చేతికిచ్చేరు కదా అని కనిపించిన వాళ్లందరికీ పొడుస్తామా, ఎవరికి ఎంతో చూసుకోవద్దా, అంది. ఆ తర్వాత, దాక్కుంటే ఏవవుద్దే, లేచి వెళ్లు ఆ పిల్ల దగ్గరికి, అని చర్చి నుంచి రాగానే తరిమింది.

వెళ్లాను. మాస్టర్ నమాజుకు వెళ్లాడు. ఆపా నా ముందు అమ్మ యూనిఫామే పడేసింది. చెయ్యి తప్పుగా అతికింది, విప్పు అంది. బ్లేడు ఇచ్చింది. ఆ షాపులో కొత్తగా చేరినవాళ్లెవరైనా మొదటి నెలంతా విప్పడమే పని. మాస్టర్ అప్పటిదాకా మెషీన్ ముట్టుకోనివ్వడు. గుడ్డ చిరగకుండా ఒక్కో కుట్టూ తెంచాలి. పది నిమిషాలకు నాకు చెమట పట్టింది.

నేను విప్పుతుంటే ఆపా నా ఉత్తరం బయటికి తీసి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం చదివి, ఇది మనకు తెలుసా, అనుకుంటున్నామా అని అడిగింది. ఏనుగు, కొట్టేసింది. పూలు, కొట్టేసింది. కాపలాకుక్క దగ్గర ఆగి నా వైపు చూసింది. నేనే పెన్ను తీసుకుని కొట్టేశాను. అడ్జెక్టివ్ ఒక్కటి కూడా మిగల్లేదు. రెండు పేజీల ఉత్తరం పోయి ఏడు ప్రశ్నలు మిగిలాయి.

నంబర్లు ఇచ్చింది మీరేనా? ఎవరడిగారు? కాగితం మీద అడిగారా, ఫోన్‌లోనా? ఎన్ని నంబర్లు? మా ఇళ్లలో చెప్పాలని మీకెందుకు అనిపించలేదు? కాదని ఉంటే ఏమయ్యేదని అనుకున్నారు? ఇప్పుడు ఏం చేస్తారు?

ఆరోది ఉండాల్సిందేనని ఆపా పట్టుబట్టింది. నిజంగా తెలుసుకోవాలని అడగాలి, ఇరికించాలని కాదు, అంది.

మరి 22న ఏం చేస్తారన్నాను. ఆపా సుద్ద తీసుకుని గుడ్డ మీద గీత గీసింది. ఒకసారి కమిటీ వచ్చాక దానికి చేతినిండా పని దొరుకుతుంది, దిగిపొమ్మని దానికి ఎవరు చెప్తారు, మేం పడగొట్టిన వాళ్లూ మొదట్లో కుర్రాళ్లే కదా, అంది.

నేను అరచేతులు రుద్దుకుంటున్నాను. ఏమైందని అడిగింది. కుర్చీలు మోశాను పొద్దున, అన్నాను. ఎందుకంటే చెప్పాను. గంట గురించి, పాస్టర్ గారి ఖండాల గురించి, సింహళం వాళ్ల గుండ్రం గురించి. నవ్వుతుందనుకున్నాను. ఆమె సుద్ద కింద పెట్టేసి మొత్తం మళ్లీ చెప్పమంది. ఎంతసేపు మీ టైం? గంటా ముప్పావు. దిగిపోవాల్సిన టైం ఎప్పుడు చెప్తారు? ముందే, గోడ మీద రాసి ఉంటుంది. వచ్చేవాళ్లు మీ వాళ్లు కాదు కదా? కాదు. వాళ్లు వేరే చర్చి. మీకు తెలీనివాళ్ల కోసం కుర్చీలు వేస్తారా? అదే పద్ధతి ఆపా.

వెంటనే బిల్లు పుస్తకం వెనక రాసుకుంది. బాంగ్లాలో. మొదటి వాక్యం నాకు చెప్పింది: ఈ కమిటీ డిసెంబర్ 31న రద్దవుతుంది. రెండోది: విచారణ గంటా ముప్పావు, కుర్చీలు గుండ్రంగా, మేడంకి కూడా అందరిలాంటి కుర్చీయే. మూడోది: తర్వాత వచ్చేవాళ్లకు ఏమేం కావాలో మనమే రాసిపెట్టి వెళ్లాలి.

చర్చిలో వారం వారం చేసే చాకిరీని ఈమె అంత శ్రద్ధగా రాసుకుంటుంటే నాకు గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. నేను కుర్చీలు మోస్తూ విసుక్కున్నాను. ఆమె అందులో ఒక దేశానికి పనికొచ్చేది చూసింది.


ఆగస్టు 17, శనివారం.

ఆ కాగితం గ్రూప్‌లో పెట్టగానే తిట్లు. రుమానా వాయిస్ మెసేజ్ పంపింది. ఆపా నాకు హిందీలో చెప్పింది. మేం ఇక్కడ ఎండలో చస్తుంటే నువ్వు ఏసీలో కూర్చుని నీతులు పంపుతున్నావా, ఆవిడకి కుర్చీ కూడా వెయ్యాలా, పాన్ కూడా చుట్టివ్వమంటావా, అని. చివర్న దలాల్ అంది. అవతలివాళ్లకు అమ్ముడుపోయిన మనిషి అని అర్థం అట.

ఆపా ఆ మెసేజ్ మూడుసార్లు వింది. కోపం రాలేదా అన్నాను. ఏసీ మాట నిజమే కదా, అంది. దూరం నుంచి చెప్తే మంచి మాట కూడా ఆర్డర్ లాగే వినిపిస్తుంది, ఆర్డర్లు వద్దనే కదా రోడ్డెక్కాం, అంది.

అందుకని వెళ్తుందట. 20న ఫ్లైట్. 22 పొద్దున తనే కుర్చీలు వేస్తుందట.

మాస్టర్ అరిచాడు. బాంగ్లాలో, ఇరవై నిమిషాలు. కత్తెర బల్ల మీద పెడుతూ, తీస్తూ, పెడుతూ. మేం కెఫెటేరియాలో నిలబడి విన్నాం. ఏమంటున్నారని ఖమరుద్దీన్ భాయ్‌ని అడిగాను. నాకు ఆ భాష రాదు పాపా, కానీ తండ్రి తిట్టేది ఏ భాషలో అయినా ఒకటే, నువ్వు పోతే నేనేమై పోవాల అంటాండాడు, అన్నాడు.

ఆపా గొంతు ఒక్కసారే వినిపించింది. ఆబ్బు, అంటే నాన్నా, అని మొదలుపెట్టి రెండు ముక్కలు. తర్వాత మెషీన్ చప్పుడు మొదలైంది.

ఏమన్నావని తర్వాత అడిగాను. ఆ ఫోన్ వచ్చిన రోజు నువ్వు ఒకరి గుడ్డ పాడుచేశావు, దాన్ని దాచకుండా ఆవిడకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పావు కదా, నేనూ అదే నేర్చుకున్నాను, అన్నానంది.


ఆగస్టు 18, ఆదివారం.

మాస్టర్ ఒప్పుకున్నాడని ఎవరూ అనలేదు. కానీ కటింగ్ బల్ల అంచు మీద సుద్దతో ఒక తేదీ కనిపించింది. 20 ఫిబ్రవరి. ఆపా వీసా ఆయన పేరు మీదే ఉంది. ఆరు నెలలు దాటి బయట ఉంటే పోతుంది. అంటే ఆ తేదీలోపు కూతురు తిరిగి రావాలి. సుద్ద కదా, సాయంత్రానికి గుడ్డలు రాసుకుని చెరిగిపోయింది. నేను ఉండగానే ఆయన మళ్లీ రాశాడు.

కమిటీకి ఒక ఆఖరి తేదీ, కూతురికి ఒక ఆఖరి తేదీ. ఈ ఇంట్లో అందరూ ఇంతే అనుకున్నాను.


ఆగస్టు 19, సోమవారం.

యూనిట్ టెస్ట్‌లో వ్యాసానికి పదికి ఆరు. భాష మరీ చప్పగా ఉంది, నీకేమైంది సెలీనా, అన్నారు మా ఇంగ్లిష్ మేడం.


ఆగస్టు 20, మంగళవారం.

ఆపా వెళ్లిపోయింది.

టాక్సీ దగ్గరికి అమ్మ కూడా వచ్చింది, నైట్ డ్యూటీ దిగి, కళ్లు మూతలు పడుతూనే. ఒక కవర్ ఇచ్చింది. గాజుగుడ్డ, బ్యాండేజీలు, ఓఆర్ఎస్ పొట్లాలు. ఆపా నవ్వి, కుర్చీలు వెయ్యడానికే వెళ్తున్నానాంటీ, అంది. అమ్మ తెలుగులోనే జవాబిచ్చింది. ఉంచుకోమ్మా, కుర్చీలు వేసే చోట కూడా దెబ్బలు తగుల్తాయి, అని. ఆపాకు అర్థమైందనుకుంటాను, కవర్ గట్టిగా పట్టుకుంది.

మాస్టర్ బయటికి రాలేదు. టాక్సీ కదిలాక మెషీన్ ఆగింది.

ఇంటికొస్తూ అమ్మ అంది. నీ వయసులో మా హాస్టల్లో అన్నంలో పురుగులొస్తే నాకు నోరు లేదే, తీసి పక్కనెట్టుకుని తినేదాన్ని, ఆ పిల్లకి ఎంత ధైర్యవో చూడు, అంది. అడగాల్సింది అన్నాను. అడిగితే ఏవయ్యేదో, అడిగితే కదా తెలిసేది, అని తాళం తీసింది.


ఆగస్టు 21, బుధవారం.

రుమానా పోస్ట్ తీసేసింది. ఆపా రుమానా ఇంటికి వెళ్లి రెండు గంటలు కూర్చుందట. కానీ గేటు మీద ఎర్ర రంగు ఇంకా ఉంది.


ఆగస్టు 22, గురువారం. మధ్యాహ్నం 3.

అక్కడ పది గంటలంటే మాకు ఎనిమిది. ఫిజిక్స్ పీరియడ్. ఏమీ బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చేసరికి ఆపా వాయిస్ మెసేజ్‌లు తొమ్మిది ఉన్నాయి. మాస్టర్ దగ్గరికి పరిగెత్తాను, ఇద్దరం కలిసి విన్నాం. ఖమరుద్దీన్ భాయ్ చాయ్ తెచ్చి అక్కడే నిలబడిపోయాడు. బాంగ్లాలో ఉన్నవి మాస్టర్ తన హిందీలో చెప్పాడు. నాకు గుర్తున్నంత రాస్తాను.

మూడు వందల మంది రాలేదు, నూట నలభై మంది వచ్చారు. ఆపా, ఇంకో ఐదుగురు ఏడింటికే వెళ్లి కాలేజీ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. అన్నీ ఒకేలాంటివి. బయట కొందరు చెప్పుల దండ పట్టుకుని నిలబడ్డారు. రుమానా వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ దండ తీసుకుంది. తీసుకుని తన కుర్చీ కింద పెట్టుకుంది.

మేడం ఒక్కతే వచ్చింది. ముందే పంపిన ప్రశ్నలకు జవాబులు రాసుకొచ్చింది. నంబర్లు ఇచ్చింది తనేనని ఒప్పుకుంది. నలభై ఒకటి. ఫోన్‌లోనే అడిగారు, కాగితం లేదు. ఆరో ప్రశ్నకు కాగితంలో జవాబు రాసుకోలేదట. కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత, ఏమయ్యేదో నాకు తెలీదు, నేను కాదని చూడలేదు, అంది.

గంటా ముప్పావు కాగానే కాలేజీ ప్యూన్ క్లాసు గంట కొట్టాడు. కొందరు ఇంకా అడగాలన్నారు. ఆపా లేచి, టైం అయింది, అంది. విద్యాశాఖ తేల్చేదాకా మేడం సెలవు మీద ఉంటుంది. ఏడు ప్రశ్నలూ, జవాబులూ, ఆవిడ సంతకంతో, అక్కడికి వెళ్తాయి. ఆవిడ ముందు గేటు లోంచి నడిచి వెళ్లింది. కొందరు అరిచారు. ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత కమిటీకి ఎన్నిక జరిగింది. ఆపా ఓడిపోయింది! పదకొండు ఓట్లు. రుమానా గెలిచింది. డిసెంబర్ 31 వాక్యం మాత్రం చేతులెత్తి ఒప్పుకున్నారు. ఓడిపోయాక ఆపా కుర్చీలన్నీ మళ్లీ వరసల్లో వేసింది, ఆదివారం నుంచి అక్కడ క్లాసులున్నాయి కాబట్టి. ఆ మెసేజ్‌లో కుర్చీ కాళ్లు నేల మీద ఈడ్చిన చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఆయాసపడుతూ మాట్లాడుతోంది. గొంతులో నవ్వు ఉంది.

మాస్టర్ ఆ ఒక్క మెసేజ్ మళ్లీ పెట్టమన్నాడు. విని, ఖమరుద్దీన్ భాయ్‌తో, ఎన్నికలో ఓడిపోయింది నా కూతురు, అన్నాడు. గెలిచిందని చెప్తున్నట్టు అన్నాడు. మిఠాయేదీ మాస్టర్ సాబ్, అని అడిగాడు భాయ్. రేపు రా, అన్నాడు మాస్టర్.

తొమ్మిదో మెసేజ్ నాకొక్కదానికే, హిందీలో. అన్నీ అయ్యాక మేడం తనూ ఒకటి అడిగిందట. ఆ మొదటి ఉత్తరం ఎవరు రాశారు, మా అమ్మాయి అడుగుతోంది, అని. రుమానా ఆపా వైపు చూసింది. ఆపా, అది నేను చెప్పను, రాసినవాళ్లు చెప్తారు, చెప్పాలనుకుంటే, అందట. దాని కింద ఒక ఇమెయిల్ అడ్రస్. మేడంది.


ఆగస్టు 22. సాయంత్రం 7.

నిఘంటువు తెరవలేదు.

రేపు శుక్రవారం. ఐదున్నరకు లేస్తాను. ముందు ఉత్తరం. మొదటి వాక్యం: మీ గేటు మీద ఉన్న మాట నాది, నా పేరు సెలీనా. మిగతావి రేపు. ఏడున్నరకల్లా చర్చిలో ఉండాలి. గంట మోగాక కుర్చీలు గుండ్రంగా వేసి, ఈసారి బయట నిలబడి, వచ్చేవాళ్లు ఎలా ఉంటారో చూడాలి.